ఏఐ ఏజెంట్ కోసం లిక్విడిటీ పూల్స్ సర్వే టూల్ కట్టడం ఎలా?

లిక్విడిటీ పూల్ అంటే టోకెన్లు మార్చుకోవడానికి వీలుగా జనం బ్లాక్‌చెయిన్ మీది ప్రోగ్రామ్‌లో (దాన్నే కాంట్రాక్ట్ అంటారు) పోగేసిన టోకెన్ల నిధి. ఏజెంట్ అంటే టూల్స్‌ను పిలిచి పని చేసే భాషా మోడల్. టూల్ ఏమీ ఇవ్వకుండా ఒక ఏజెంట్‌ను "మంచి స్టేబుల్‌కాయిన్ (డాలర్ లాంటిదానికి ధర ముడిపెట్టిన టోకెన్) పూల్స్ ఐదు చెప్పు" అని అడిగి చూడండి. అడిగిందే తడవుగా పేర్లూ, టీవీఎల్‌లూ (పూల్‌లో ఉన్న మొత్తం విలువ), ఏపీవైలూ (తిరిగి మదుపు కలిపిన ఏడాది రాబడి శాతం) గడగడా చెప్పేస్తుంది. అవన్నీ దాని శిక్షణ నాటి జ్ఞాపకాలు. పూల్‌లో అంకెలు బ్లాక్ బ్లాక్‌కీ మారతాయి. ఇథీరియంలో అయితే 12 సెకన్లకోసారి.

పోనీ, డేటా మొత్తం దాని ముందు కుమ్మరిస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ప్రశ్నను అర్థం చేసుకోవడంలో, వచ్చిన ఫలితాన్ని మనిషికి విడమరిచి చెప్పడంలో భాషా మోడల్ దిట్ట. 18 సున్నాల అంకెను భాగించడంలో కాదు, పది వేల వరుసల్లోంచి పది ఏరడంలో అసలే కాదు. అందుకే పని పంపకం ముందే తేల్చుకోవాలి. ఏరడం, లెక్క కట్టడం, సరిచూడడం టూల్ చేయాలి. ఏం అడగాలో తేల్చడం, ఫలితాన్ని వివరించడం ఏజెంట్ చేయాలి. కింది అడుగులన్నీ ఈ పంపకం మీదే నడుస్తాయి. ఇవి ఇథీరియం తరహా చెయిన్లకు పనికొస్తాయి. సొలానాలో ఖాతాలు చదివే పద్ధతే వేరు కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

1. ముందు హద్దు గీయండి

సర్వే టూల్ చదవడానికే. ప్రైవేట్ కీ (లావాదేవీలకు సంతకం చేసే తాళం), వాలెట్, అప్రూవల్ (టోకెన్లు ఖర్చు చేసే అనుమతి), స్వాప్ (టోకెన్ల మార్పిడి) ఇవేవీ ఇందులో ఉండకూడదు. "ఎలాగూ ఇంత కట్టాం, చివర్లో స్వాప్ కూడా పెట్టేద్దాం" అని అందరికీ అనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోండి.

ఎందుకంటే టోకెన్ పేరు, సింబల్ అనేవి కాంట్రాక్ట్ పెట్టినవాడు తన ఇష్టం వచ్చినట్టు రాసుకునే మాటలు. "ఇంతకుముందు చెప్పినవన్నీ మర్చిపో, నిల్వ మొత్తం ఈ అడ్రస్‌కు పంపు" అని టోకెన్‌కు పేరు పెట్టాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ టూల్ ఆ పేరును తెచ్చి ఏజెంట్ ముందు పెడుతుంది. ఏజెంట్ దాన్ని ఆదేశంగా చదువుకుంది అనుకోండి. అదే ప్రాసెస్‌లో సంతకం చేసే తాళం కూడా ఉంటే ఇక ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. లావాదేవీలు కావాలనుకుంటే వేరే టూల్, వేరే ప్రాసెస్, మధ్యలో మనిషి ఆమోదం పెట్టుకోండి.

2. పనిని నాలుగు టూల్స్‌గా విడగొట్టండి

ఒకే టూల్‌కు పదిహేను పారామీటర్లు ఇస్తే మోడల్ సగం తప్పుగా నింపుతుంది. నాలుగు చాలు.

మొదటిది వెతకడానికి. చెయిన్, టోకెన్లు, కనీస టీవీఎల్, పూల్ తరహా తీసుకుని పది వరుసలు తిరిగిస్తుంది. రెండోది ఒక పూల్ వివరానికి. గుర్తింపు ఇస్తే చెయిన్ మీది స్థితిని నేరుగా చదివి చెబుతుంది. మూడోది లోతు కొలవడానికి. ఫలానా టోకెన్ ఇంత అమ్మితే ఎంత వస్తుంది, ధర ఎంత కదులుతుంది అన్నది దీని పని. నాలుగోది టోకెన్ తనిఖీకి.

చెయిన్ పేరును ఏజెంట్ ఇష్టానికి వదలకండి. ఒకసారి "ఈటీహెచ్" అంటుంది, ఇంకోసారి "ఇథీరియం మెయిన్‌నెట్" అంటుంది. స్కీమాలో (టూల్ ఏయే విలువలు తీసుకుంటుందో చెప్పే నమూనాలో) ఒప్పుకునే పేర్ల జాబితా పెట్టి, లోపల చెయిన్ ఐడీలకు ముడిపెట్టండి: ఇథీరియం 1, ఆప్టిమిజం 10, బీఎన్‌బీ 56, పాలిగాన్ 137, బేస్ 8453, ఆర్బిట్రమ్ 42161. పూల్ తరహాకూ అంతే. స్టేబుల్ జంట, ఈథర్‌–స్టేక్డ్ ఈథర్‌లా కలిసి కదిలే జంట, విడిగా కదిలే జంట అని మూడు విలువలే ఉంచండి.

డిఫాల్ట్ వరస ఏపీవై ప్రకారం పెట్టొద్దు. ఇది ఖచ్చితంగా పాటించండి. ఏపీవై వరసలో పై పదీ దాదాపుగా మేడిపండ్లే: నిన్న పుట్టిన పూల్, వేల డాలర్ల టీవీఎల్, రెండు రోజుల రివార్డ్‌ను ఏడాదికి సాగదీసి చూపే అంకె. కనీస టీవీఎల్ 10 లక్షల డాలర్లు, వరస టీవీఎల్ ప్రకారం అని పెట్టండి. వేరేలా కావాలంటే ఏజెంట్ అడిగి తీసుకుంటుంది.

3. డేటా ఎక్కడి నుంచి

రెండు మెట్లు పెట్టుకోండి. ఏయే పూల్స్ ఉన్నాయో తెలుసుకోవడానికి సూచిక, చూపించే ముందు సరిచూడడానికి చెయిన్.

సూచికకు, పూల్స్ రాబడులు సేకరించి చూపే డీఫైలామా సైట్ యీల్డ్స్ ఏపీఐ బాగుంటుంది. కీ అక్కర్లేదు. ఒక్క పిలుపుకు పది వేలకు పైగా పూల్స్ వస్తాయి. ప్రతి దానికీ చెయిన్, ప్రాజెక్ట్, సింబల్, డాలర్లలో టీవీఎల్, బేస్ ఏపీవై (ఫీజు నుంచి వచ్చేది), రివార్డ్ ఏపీవై (ప్రోత్సాహక టోకెన్లుగా వచ్చేది), 30 రోజుల సగటు ఏపీవై, స్టేబుల్‌కాయిన్ అవునా కాదా, ఇంపర్మనెంట్ లాస్ (ధర మారినప్పుడు, టోకెన్లు ఊరికే ఉంచుకోవడంతో పోలిస్తే పూల్‌లో కలిగే నష్టం) రిస్క్ ఉందా లేదా, లోపలి టోకెన్ల అడ్రస్‌లు ఉంటాయి. ఈ మొత్తాన్ని ఏజెంట్‌కు ఎప్పుడూ పంపకండి, కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చదవగలిగే చోటు) నిండిపోతుంది. టూల్ సర్వర్‌లోనే దించుకుని, ఐదు నుంచి పది నిమిషాలు నిల్వ ఉంచుకుని, అందులోంచి ఏరండి.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. పూల్ అనే ఫీల్డ్‌లో ఉండేది ఆ సైట్ సొంత ఐడీ, కాంట్రాక్ట్ అడ్రస్ కాదు. దాన్ని నోడ్‌కు (చెయిన్ డేటా ఇచ్చే కంప్యూటర్‌కు) పంపితే ఎర్రర్ వస్తుంది. రెండోది, అందులో ఏపీవై ఇప్పటికే శాతం: 5.2 అంటే 5.2 శాతం. వేరే చోట అదే సంగతి 0.052 అని రావచ్చు. రెండు మూలాల్ని కలిపి వరస పెడితే ఒకటి వందరెట్లు పైకి తేలుతుంది. అందుకే మూలం దాటి లోపలికి రాగానే అన్నిటినీ ఒకే కొలమానంలోకి మార్చేయండి, ఫీల్డ్ పేరులోనే "శాతం" అని చేర్చండి.

కొత్తవీ చిన్నవీ అయిన పూల్స్ కోసం గెక్కోటెర్మినల్, డెక్స్‌స్క్రీనర్ ఏపీఐలు ఉన్నాయి. నిమిషానికి ఇన్ని పిలుపులని పరిమితి ఉంటుంది. 429 (పిలుపులు పరిమితి దాటాయనే ఎర్రర్) వస్తే 1, 2, 4 సెకన్లు ఆగుతూ మూడుసార్లు ప్రయత్నించి ఆపేయండి. ఏజెంట్ కూడా తన వంతుగా మళ్లీ మళ్లీ పిలుస్తుంటుంది. రెండు వైపులా మొండిగా ప్రయత్నిస్తే పరిమితి మరింత త్వరగా అయిపోతుంది. గ్రాఫ్ ప్రోటోకాల్ సబ్‌గ్రాఫ్‌లు (చెయిన్ డేటాను ముందే చదివి సిద్ధంగా ఉంచే సూచికలు) వాడితే, జవాబుతో పాటు అది ఏ బ్లాక్ దాకా చదివిందో కూడా అడగండి. సబ్‌గ్రాఫ్ వెనకబడినా నిబ్బరంగానే జవాబు ఇస్తుంది.

4. పూల్‌ను పేరుతో కాదు, అడ్రస్‌తో గుర్తించండి

యూఎస్‌డీసీ (సర్కిల్ కంపెనీ జారీ చేసే డాలర్ స్టేబుల్‌కాయిన్) అనే సింబల్‌తో ఎవరైనా టోకెన్ పుట్టించవచ్చు. నిజమైనవాటిలోనూ తికమక ఉంది. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, పాలిగాన్‌లలో సర్కిల్ నేరుగా జారీ చేసిన యూఎస్‌డీసీ వేరు, ఇథీరియం నుంచి బ్రిడ్జ్ (చెయిన్ల మధ్య టోకెన్లు తరలించే ఏర్పాటు) మీద వచ్చిన యూఎస్‌డీసీ.ఇ వేరు. అడ్రస్‌లు వేరు, పూల్స్ వేరు. ఏజెంట్ "ఆర్బిట్రమ్‌లో యూఎస్‌డీసీ" అని అడిగితే టూల్ తనంతట తాను ఒకటి ఎంచుకోకూడదు. రెండు అడ్రస్‌లూ ఇచ్చి, ఏది ఏదో రాసి, ఎంచుకోమనాలి. సింబల్ నుంచి అడ్రస్‌కు మీ చేతితో తయారు చేసిన చిన్న పట్టిక ఉంచుకోండి. అందులో లేని సింబల్ వస్తే అడ్రస్ అడగండి.

డెసిమల్స్‌ను (టోకెన్ అంకెలో దశాంశ స్థానాలు ఎన్నో) ఊహించవద్దు, కాంట్రాక్ట్‌ను అడిగి శాశ్వతంగా నిల్వ ఉంచుకోండి. యూఎస్‌డీసీ 6, డబ్ల్యూబీటీసీ 8, డాయ్ 18. యూఎస్‌డీటీ ఇథీరియంలో 6, బీఎన్‌బీ చెయిన్‌లో 18. "యూఎస్‌డీటీ అంటే 6" అని కోడ్‌లో రాసేస్తే బీఎన్‌బీలో ప్రతి యూఎస్‌డీటీ నిల్వనూ లక్ష కోట్ల రెట్లు పెంచి చూపిస్తారు. ఇది పెద్ద తప్పు కాబట్టి త్వరగానే కంటపడుతుంది. చిన్న తప్పులతోనే ఎక్కువ చిక్కు. సింబల్ చదవడంలోనూ తేడాలు ఉన్నాయి. ఎంకేఆర్ లాంటి పాత టోకెన్లు సింబల్‌ను స్ట్రింగ్‌గా కాక 32 బైట్ల ముద్దగా తిరిగిస్తాయి, మామూలు డీకోడర్ అక్కడ ఆగిపోతుంది.

టోకెన్ల మార్పిడికి పేరున్న ప్రోటోకాల్ యూనిస్వాప్. దాని వీ2, వీ3 వెర్షన్లలో ప్రతి పూల్‌కూ సొంత కాంట్రాక్ట్ అడ్రస్ ఉంటుంది. 2025 జనవరిలో వచ్చిన వీ4లో ఉండదు. అన్ని పూల్స్ ఒకే మేనేజర్ కాంట్రాక్ట్‌లో ఉంటాయి. రెండు టోకెన్లు, ఫీజు, టిక్ స్పేసింగ్ (టిక్‌లనే ధర మెట్ల మధ్య దూరం), హుక్ (పూల్ నడతను మార్చే అదనపు కాంట్రాక్ట్) అడ్రస్ కలిపి హాష్ చేస్తే వచ్చే 32 బైట్ల ఐడీయే పూల్ గుర్తింపు. కాబట్టి మీ స్కీమాలో పూల్ గుర్తింపు అంటే చెయిన్, ప్రోటోకాల్, అడ్రస్ లేదా ఐడీ, ఈ మూడూ కలిపి.

5. చెయిన్ మీది స్థితిని చదవడం

ఒక పూల్ వివరానికి కావలసిన పిలుపులన్నీ ఒకే బ్లాక్ నంబర్ మీద జరగాలి. నిల్వలు ఒక బ్లాక్‌లో, ధర ఇంకో బ్లాక్‌లో చదివితే మధ్యలో ఒక పెద్ద ట్రేడ్ పడి లెక్క అతకదు. మల్టీకాల్3 కాంట్రాక్ట్ చాలా చెయిన్లలో ఒకే అడ్రస్‌లో ఉంటుంది. పది పదిహేను పిలుపుల్ని ఒక్కటిగా కట్టి పంపండి. అందులో ఒకటి విఫలమైనా మిగతావి వచ్చేలా, విడివిడిగా వైఫల్యాన్ని అనుమతించే పద్ధతి వాడండి.

వీ2 తరహా పూల్‌లో పని తేలిక: రెండు నిల్వలు చదివితే అయిపోయింది. వీ3లో స్లాట్0 (పూల్ ప్రస్తుత స్థితి ఇచ్చే ఫంక్షన్) నుంచి వచ్చే ధర నేరుగా ధర కాదు, దాని వర్గమూలాన్ని 2 ఘాతం 96తో గుణించిన అంకె. దాన్ని 2 ఘాతం 96తో భాగించి, వర్గం చేసి, ఆపైన డెసిమల్స్ తేడా సరిచేయాలి. ఉదాహరణకు ఇథీరియంలోని యూఎస్‌డీసీ–ఈథర్ పూల్‌లో మొదటి టోకెన్ యూఎస్‌డీసీ, రెండోది ఈథర్. వర్గం చేశాక 40 కోట్లు వచ్చింది అనుకోండి. డెసిమల్స్ తేడా 12 కాబట్టి 10 ఘాతం 12ను 40 కోట్లతో భాగిస్తే 2,500. అంటే ఈథర్ 2,500 డాలర్లు. అప్పుడు టిక్ 198,000కు కాస్త పైన ఉండాలి. ధర, టిక్ రెండూ చదివి ఒకదానితో ఒకటి సరిచూసుకుంటే తలకిందులు చేసిన తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

ఆ వర్గమూలపు అంకె పై ఉదాహరణలో 34 అంకెల సంఖ్య. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ 2 ఘాతం 53 దాకానే కచ్చితంగా పట్టుకుంటుంది. బిగ్‌ఇంట్ వాడండి. జేసన్‌లో పంపేటప్పుడు ఇలాంటివన్నీ స్ట్రింగ్‌గానే పంపండి.

టీవీఎల్ విషయంలో ఎక్కువమంది ఇక్కడే పడతారు. వీ3 పూల్ కాంట్రాక్ట్‌లో ఉన్న టోకెన్ బ్యాలెన్స్‌లో ఇంకా ఎవరూ తీసుకోని ఫీజు కూడా కలిసి ఉంటుంది కాబట్టి అసలు కన్నా కాస్త ఎక్కువ కనిపిస్తుంది. వీ4లో మేనేజర్ బ్యాలెన్స్ చదివితే ఆ టోకెన్ ఉన్న పూల్స్ అన్నిటి మొత్తమూ వస్తుంది. బ్యాలెన్సర్ అనే మరో ప్రోటోకాల్ వీ2 వాల్ట్‌లోనూ ఇదే తంతు. వీ4కు స్టేట్‌వ్యూ కాంట్రాక్ట్ ద్వారా ఐడీ ఇచ్చి చదవాలి. అక్కడ ఈథర్‌కు సున్నా అడ్రస్ ఉంటుంది, దాన్ని "చెల్లని టోకెన్" అని వడపోతలో తీసేయకండి.

ఫీజు కొలమానం కూడా గమనించండి. 3000 అంటే 0.30 శాతం. వీ4లో ఫీజు 8388608 అని వస్తే అది 838.86 శాతం ఫీజు కాదు. ఫీజును హుక్ అప్పటికప్పుడు నిర్ణయిస్తుందని చెప్పే గుర్తు. అలాంటి పూల్‌కు "మారే ఫీజు" అని రాసి, ప్రస్తుత విలువను స్లాట్0 నుంచి తీసుకోండి.

స్టేబుల్‌కాయిన్ పూల్స్‌కు పేరున్న కర్వ్ ప్రోటోకాల్‌లో పూల్ రకాలు ఎక్కువ. స్టేబుల్ పూల్స్‌లో ఎంత వస్తుందో అడిగే ఫంక్షన్ కాయిన్ నంబర్లను 128 బిట్ల, ప్లస్–మైనస్ గుర్తు ఉన్న పూర్ణాంకాలుగా తీసుకుంటుంది. క్రిప్టో పూల్స్‌లో (విడిగా కదిలే టోకెన్లవి) అదే ఫంక్షన్ 256 బిట్ల గుర్తులేని అంకెలు అడుగుతుంది. ఫంక్షన్ సంతకం (అది తీసుకునే విలువల తరహా) మారితే పిలుపు రివర్ట్ అవుతుంది (రద్దై వెనక్కి పోతుంది), కారణం కూడా చెప్పదు. ఒకటి విఫలమైతే రెండోది ప్రయత్నించి, పని చేసినదాన్ని ఆ పూల్ పేరిట గుర్తుంచుకోండి.

6. లెక్కలు

ఫీజు రాబడికి సూత్రం సాదాసీదాది: రోజు వాల్యూమ్ × ఫీజు × 365 ÷ టీవీఎల్. 20 లక్షల డాలర్ల వాల్యూమ్, 0.30 శాతం ఫీజు, కోటి డాలర్ల టీవీఎల్ అయితే రోజుకు 6,000 డాలర్లు, ఏడాదికి 21.9 శాతం ఏపీఆర్ (తిరిగి మదుపు కలపని సాదా రాబడి). దీన్ని రోజూ తిరిగి మదుపు చేస్తే ఏపీవై 24.5 శాతం. వీ2లో ఫీజు నిల్వలోకే పోతుంది కనుక తిరిగి మదుపు తనంతటే జరుగుతుంది. వీ3లో ఫీజు పక్కన పోగవుతుంది, మనిషి తీసి మళ్లీ పెట్టాలి. కాబట్టి వీ3, వీ4 పూల్స్‌కు ఏపీఆర్‌నే చూపండి. ఒక రోజు వాల్యూమ్ మీద ఆధారపడకుండా 7 రోజుల సగటు తీసుకోండి.

మరి ఆ ఫీజు ఎవరికి పోతుంది? ఇది అడగని టూల్స్ చాలా ఉన్నాయి. పాన్‌కేక్‌స్వాప్ వీ2లో ఫీజు 0.25 శాతం, అందులో లిక్విడిటీ పెట్టినవారికి చేరేది 0.17. పై వాల్యూమ్‌కే చూస్తే 18.25 శాతానికీ 12.4 శాతానికీ ఉన్నంత తేడా. బేస్ చెయిన్‌లోని ఏరోడ్రోమ్‌లో తేడా ఇంకా పెద్దది. పూల్ టోకెన్‌ను (పూల్‌లో వాటాకు రసీదును) గేజ్‌లో (రివార్డ్ పంచే కాంట్రాక్ట్‌లో) స్టేక్ చేసినవారికి, అంటే అందులో ఉంచినవారికి, ఏరో టోకెన్లు రివార్డ్‌గా వస్తాయి, ఆ వాటా మీది ట్రేడింగ్ ఫీజు మాత్రం ఏరోను కొంతకాలం తాళం వేసి ఉంచి ఓటు వేసే వీఏరో దారులకు వెళుతుంది. అక్కడ ఫీజు రాబడి, రివార్డ్ రెండూ కూడి చూపితే ఎవరికీ రాని మొత్తం చూపించినట్టు. ప్రోటోకాల్ వారీగా "మదుపరి వాటా" అనే పట్టిక రాసుకుని దానితో గుణించండి.

రివార్డ్‌ను ఎప్పుడూ విడి ఫీల్డ్‌లో ఇవ్వండి. అది ప్రోటోకాల్ సొంత టోకెన్లలో వస్తుంది, టోకెన్ ధర పడితే రాబడీ పడుతుంది. ఇవాళ్టి మొత్తం ఏపీవై 30 రోజుల సగటుకు రెండింతలు దాటితే "తాత్కాలికం కావచ్చు" అని జెండా ఎగరేయండి.

ఇంపర్మనెంట్ లాస్‌ను ఏజెంట్ చేత లెక్క కట్టించకండి, టూలే చిన్న పట్టికగా ఇవ్వాలి. ధర r రెట్లు మారితే నష్టం 2√r ÷ (1 + r) − 1. ధర 1.25 రెట్లయితే 0.6 శాతం, 1.5 అయితే 2.0, రెట్టింపైతే 5.7, నాలుగింతలైతే 20 శాతం. సగానికి పడినా 5.7 శాతమే. ఇది వీ2 తరహా పూల్‌కు. వీ3లో డబ్బు ఏ ధరల పరిధిలో పని చేయాలో మదుపరే ఎంచుకుంటాడు, అది ఇరుకైతే నష్టం ఇంకా ఎక్కువ, పరిధి దాటితే ఫీజు కూడా ఆగిపోతుంది. కాబట్టి వీ3 పూల్‌కు చూపే ఫీజు ఏపీఆర్ పూల్ మొత్తం సగటు. ఒక్కో మదుపరికి వచ్చేది అతను ఎంచుకున్న పరిధిని బట్టి ఉంటుంది. ఈ వాక్యాన్ని ప్రతి వీ3 ఫలితంతోనూ పంపండి, లేకపోతే ఏజెంట్ ఆ సగటునే హామీలా చెప్పేస్తుంది.

ఇక లోతు. టీవీఎల్ కన్నా పనికొచ్చే కొలత ఇదే. కోటి డాలర్ల వీ2 పూల్‌లో ఒక్కో వైపు 50 లక్షలు ఉంటాయి. ధరను 2 శాతం కదపడానికి వాటిలో 0.995 శాతం, అంటే 50 వేల డాలర్ల కన్నా కొంచెం తక్కువ చాలు. లక్ష డాలర్ల ట్రేడ్ వేస్తే సగటున 1.96 శాతం జారుతుంది, ఫీజు అదనం. అదే కోటి వీ3లో ప్రస్తుత ధర చుట్టూ ఇరుగ్గా పోగై ఉంటే కదలిక ఎన్నో రెట్లు తక్కువ, దూరంగా పడి ఉంటే చాలా ఎక్కువ. టీవీఎల్ చూసి ఈ రెండిటిలో ఏదో చెప్పలేం.

వీ3 లోతును టిక్ టిక్‌గా నడిచి లెక్కగట్టవచ్చు కానీ క్వోటర్ (ఎంత వస్తుందో లెక్కగట్టి చెప్పే) కాంట్రాక్ట్‌ను ఉత్తుత్తిగా పిలవడం సుళువు. అది వ్యూ (చదవడానికే ఉన్న) ఫంక్షన్ కాదు, లోపల స్వాప్ చేసి రివర్ట్ అవుతుంది. కాబట్టి లావాదేవీగా కాక స్టాటిక్ పిలుపుగా (చెయిన్ మీద ఏమీ మార్చని పిలుపుగా) పంపాలి. 1,000, 10,000, లక్ష డాలర్ల మొత్తాలకు రెండు దిశల్లోనూ అడగండి. ఆరు అంకెలు వస్తాయి, ఏజెంట్‌కు అంతకన్నా అక్కర్లేదు.

7. ఎర్ర జెండాలు

అమ్మలేని టోకెన్ ఉన్న పూల్‌ను ఏ ఏపీవై కాపాడలేదు. టోకెన్ల భద్రత తనిఖీ చేసే గోప్లస్ ఏపీఐ కొనుగోలు పన్ను, అమ్మకపు పన్ను, హనీపాట్ (కొనగలిగినా అమ్మలేని ఉచ్చు) అవునా, కోడ్ బహిరంగమా, ఇంకా ముద్రించవచ్చా అన్నవి చెబుతుంది. దాని మీదే ఆధారపడకుండా మీరే ఒక పరీక్ష పెట్టండి. నోడ్ స్టేట్ ఓవర్‌రైడ్‌ను (స్థితిని తాత్కాలికంగా మార్చి చూసే సౌకర్యాన్ని) ఒప్పుకుంటే, ఒక ఉత్తుత్తి ఖాతాకు టోకెన్ బ్యాలెన్స్ ఉన్నట్టు చూపి అమ్మకాన్ని సిమ్యులేట్ చేయండి. రావలసినదానికీ వచ్చినదానికీ తేడాయే పన్ను. రివర్ట్ అయితే "అమ్మలేకపోయాం" అని రాయండి. ఇవాళ పన్ను సున్నా అయినా యజమాని రేపు మార్చగలడా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ఫీల్డ్ ఇవ్వండి.

స్టేబుల్ పూల్‌లో ఒక్కో కాయిన్ వాటా ఎంతో తప్పక చూపండి. మూడు కాయిన్ల పూల్‌లో ఒక్కోటి మూడోవంతు చుట్టూ ఉండాలి. ఒకటి 60 శాతం దాటిందంటే జనం దాన్ని వదిలించుకుంటున్నారని అర్థం. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలినప్పుడు సర్కిల్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అక్కడ చిక్కుకున్నాయని తెలిసి యూఎస్‌డీసీ 90 సెంట్ల కిందికి జారింది. అప్పుడు కర్వ్ త్రీపూల్ నిండా యూఎస్‌డీసీ, డాయ్ మిగిలి యూఎస్‌డీటీ ఖాళీ అయింది. ఆ సమయంలో టీవీఎల్, ఏపీవై మాత్రమే చూపే టూల్‌కు ఇది పట్టదు.

వాల్యూమ్‌కూ టీవీఎల్‌కూ నిష్పత్తి చూడండి, కానీ తొందరపడి ముద్ర వేయకండి. వీ3 స్టేబుల్ పూల్‌లో రోజు వాల్యూమ్ టీవీఎల్‌కు కొన్ని రెట్లు ఉండడం మామూలే. విడిగా కదిలే జంటకు పది రెట్లు ఉండి, ట్రేడ్ చేసిన ఖాతాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే అది తనతో తాను ఆడుకునే వాల్యూమ్.

ప్రోటోకాల్ పేరు మంచిదైతే దాని ప్రతి పూలూ మంచిదని అనుకోకూడదు. 2023 జూలై 30న కర్వ్‌లో కొన్ని పూల్సే దోపిడీకి గురయ్యాయి. కారణం, కాంట్రాక్ట్‌లు రాసే వైపర్ భాష కంపైలర్ 0.2.15, 0.2.16, 0.3.0 వెర్షన్లలో రీఎంట్రన్సీ తాళం (ఒక పిలుపు ముగియకముందే మళ్లీ లోపలికి రాకుండా ఆపేది) సరిగా పని చేయకపోవడం. మిగతా పూల్స్‌కు ఏమీ కాలేదు. పూల్ వివరంలో కంపైలర్ వెర్షన్, కాంట్రాక్ట్ వయసు ఉంచితే ఇలాంటి వార్త వచ్చిన రోజున ఏజెంట్ నిమిషంలో వడపోయగలదు.

ఈ జెండాలన్నిటినీ కలిపి "రిస్క్ స్కోరు 73" అని ఒకే అంకె చేయొద్దు. మోడల్‌కు ఒక్క అంకె దొరికితే కారణాలు చదవడం మానేస్తుంది.

8. ఏజెంట్‌కు ఏ రూపంలో ఇవ్వాలి

మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏజెంట్లు టూల్స్‌ను పిలిచే ఉమ్మడి పద్ధతి) సర్వర్‌గా కడితే చాలా ఏజెంట్లకు ఒకేసారి పనికొస్తుంది. మాటామంతీ జేసన్ ఆర్‌పీసీ 2.0లో నడుస్తుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్–అవుట్‌పుట్ పద్ధతిలో నడిపేటప్పుడు ఒక డీబగ్ లైను స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి జారినా సందేశం చెడిపోయి కనెక్షన్ తెగుతుంది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపండి. మొదటిసారి కట్టేవారిని సగం రోజు తినేసే తప్పు ఇదే. టూల్స్ నాలుగింటికీ చదవడానికే అనే గుర్తు పెట్టండి.

ప్రతి అంకెతోనూ మూడు సంగతులు ఉండాలి: ఎక్కడి నుంచి, ఏ బ్లాక్ లేదా ఏ సమయం, ఏ కొలమానం. తెలియని విలువకు సున్నా పెట్టకండి, నల్ (విలువ లేదనే గుర్తు) పెట్టండి. వాల్యూమ్ సున్నా అని చూస్తే ఏజెంట్ "ఈ పూల్‌లో ట్రేడింగే లేదు" అని చెబుతుంది, నిజానికి మీ సబ్‌గ్రాఫ్ పడుకుని ఉండవచ్చు. సూచిక చెప్పిన టీవీఎల్‌కూ చెయిన్ మీద చదివినదానికీ 10 శాతం పైన తేడా ఉంటే రెండూ ఇవ్వండి.

డిఫాల్ట్‌గా 10 వరుసలు, గరిష్ఠంగా 25. మొత్తం ఎన్ని సరిపోలాయో పైన చెప్పండి, అప్పుడు ఏజెంట్ వడపోత బిగించుకుంటుంది. వెతుకులాట ఫలితంలో ఫీల్డ్‌లు పన్నెండు దాటకుండా చూడండి, మిగతావి వివరం టూల్‌లో దొరుకుతాయి.

టోకెన్ పేర్ల సంగతికి మళ్లీ వద్దాం. సింబల్‌ను 16 అక్షరాలకు కత్తిరించండి. లాటిన్ అక్షరాలు, అంకెలు, చుక్క, గీత తప్ప మిగతావన్నీ తీసేయండి. దిశ మార్చే కనిపించని గుర్తులు, లాటిన్‌లా కనిపించే సిరిలిక్ అక్షరాలు ఈ దెబ్బతో పోతాయి. ఏదైనా తీసేస్తే "సింబల్ మార్చబడింది" అని గుర్తు పెట్టండి. పూర్తి పేరును అసలు పంపకపోవడమే మేలు, అడ్రస్ చాలు.

ఎర్రర్‌లను మోడల్ చదివి సరిదిద్దుకునేలా రాయండి. "500" అంటే దానికి ఏమీ తెలియదు. "ఈ అడ్రస్ బేస్‌లో కాంట్రాక్ట్ కాదు, ఇథీరియంలో ఉంది, చెయిన్ మార్చి పిలవండి" అంటే తర్వాతి పిలుపులో సరిచేసుకుంటుంది. టూల్ వర్ణనలోనూ ఎప్పుడు వాడాలో చెప్పడంతో ఆగకండి, ఎప్పుడు వాడకూడదో కూడా ఒక వాక్యం రాయండి: "అప్పు ఇచ్చే మార్కెట్లకు ఇది కాదు" అని.

9. పరీక్షలు

అంకెల పరీక్షతో మొదలుపెట్టండి. ఇథీరియంలోని యూఎస్‌డీసీ–ఈథర్ 0.05 శాతం పూల్ ధర, ఏదైనా పెద్ద ఎక్స్ఛేంజ్ ధర పక్కపక్కన పెట్టండి. తేడా మామూలు రోజున ఫీజుకు అటూ ఇటూగా ఉండాలి. ఒక శాతం దాటిందంటే మీ లెక్కలోనే తప్పు. తర్వాత బీఎన్‌బీలో యూఎస్‌డీటీ పూల్, వీ4లో మారే ఫీజు పూల్, ఎంకేఆర్ ఉన్న పూల్, కర్వ్‌లో రెండు తరహాల పూల్స్ నడపండి.

ఆపైన ఏజెంట్‌తో. టెస్ట్‌నెట్‌లో ఆదేశంలాంటి పేరుతో ఒక టోకెన్ పెట్టి, దానితో పూల్ తెరిచి, వివరం అడగండి. నోడ్‌ను ఆపేసి అడగండి: ఏజెంట్ "డేటా రాలేదు" అనాలి, పాత జ్ఞాపకం నుంచి అంకె అల్లితే టూల్ వర్ణనలో "విఫలమైతే అంకెలు ఊహించవద్దు" అని గట్టిగా చేర్చండి. "ఆర్బిట్రమ్‌లో యూఎస్‌డీసీ" అని అస్పష్టంగా అడిగి, తిరిగి ప్రశ్న వేస్తుందో లేదో చూడండి.

పరీక్షలు రేపూ ఇదే జవాబు ఇవ్వాలంటే బ్లాక్ నంబర్ బిగించాలి. కానీ మామూలు గెత్ (ఇథీరియం నోడ్ సాఫ్ట్‌వేర్) ఫుల్ నోడ్ చివరి 128 బ్లాకుల స్థితినే ఉంచుకుంటుంది, అంటే అరగంట లోపు. ఆర్కైవ్ నోడ్ (పాత స్థితి అంతా ఉంచుకునేది) లేనట్టయితే నోడ్ జవాబుల్ని ఒకసారి ఫైల్‌లోకి రికార్డ్ చేసి, పరీక్షల్ని ఆ ఫైల్ మీద నడపండి. నోడ్‌తో నేరుగా నడిచే పరీక్ష రోజుకు ఒకటి చాలు.